‘రాతలన్ని బందు’కు టీకా తాత్పర్యం

అవతారిక. గుమ్మడిదలలో మా చెల్లెలి ఇంట్లో టీవీకి పైన, గోడ మీద ఒక కాయితం అంటించి ఉంది. మందుల కంపెనీవాళ్లు ఏటా పంచే డైరీలోంచి చింపిన పేజీ. నీలిసిరాతో నాలుగు పాదాలు. రాసినవాడు మా మేనల్లుడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేస్తున్నాడు. మూలం ఇది:

వార్త పొద్దుగాల
నవ్వు బువ్వకాడ
పాట బస్సులోన
రాతలన్ని బందు

నేను ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎక్కడ నాలుగు పాదాలు కనబడినా నా వేళ్లు గురులఘువుల లెక్కలో పడిపోతాయి. ఇక్కడ పాదానికి మూడేసి సూర్యగణాలు తప్పు లేకుండా పడ్డాయి. ఆటవెలదికి శుభారంభం. మొదటి పాదంలో ఆ మూడింటి వెనక రావలసిన రెండు ఇంద్రగణాలు మాత్రం హాజరు కాలేదు, నైట్ షిఫ్టుకు పోయినట్టున్నాయి. యతి సంగతి అడగవద్దు. కవికి ఛందస్సు రాదు. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నాడు, మార్కుల కోసం. మార్కులు దండిగా వచ్చాయి గానీ ఇవాళ్టికీ గుళ్లో చదివే శ్లోకం వింటే ఒక్క ముక్క అర్థం కాదు. వీడి రోగం అప్పుడే మొదలైందని నా అనుమానం.

సందర్భం. కవి కెనడా పోవాలనుకుంటున్నాడు. మా మందుల కంపెనీల బెల్టులో అదేమీ వింత కాదు. ఫ్రెంచి దారిన పోవడమే కొత్త. 2023 నుంచి కెనడావాళ్లు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పథకంలో ఫ్రెంచి వచ్చినవాళ్లకు వేరే డ్రాలు తీస్తున్నారు. మామూలు డ్రాలో ఐదు వందల పాయింట్లు దాటినా పిలుపు ఖాయం కాదు, ఈ డ్రాలో కటాఫ్ బాగా కిందికి దిగుతుంది. చదవడం, రాయడం, మాట్లాడడం, వినడం, ఈ నాలుగింటిలోనూ ఏడో మెట్టు అందుకోవాలని షరతు. టీసీఎఫ్ కెనడా పరీక్షలో వినికిడికి 39 ప్రశ్నలు, 35 నిమిషాలు. 699కి కనీసం 458 రావాలి. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు.

మిగతా మూడింటిలో వీడు గట్టెక్కేలాగే ఉన్నాడు. చెవి దగ్గర బండి ఆగింది. మాక్ టెస్టు అయిన రోజు మొహం వేలాడేసుకుని కూర్చుని, ‘‘కాయితం మీద చూస్తే అన్ని తెల్సిన మాటలే మామా. ఇంటే ఒక్కటి తెల్వది’’ అన్నాడు. పద్యం చేతికిచ్చినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు నాతో అన్న మాటే ఇది, కాకపోతే వాళ్లది కంటి చిక్కు. విడగొట్టి బోర్డు మీద రాస్తే అన్నీ తెలిసిన పదాలే. కలిసి ఉంటే ఒక్కటీ తెలియదు. ఈ పదచ్ఛేదం నేను కంటితో చేసి బతికాను. వీడు చెవితో చెయ్యాలి, అదీ ఒక్కసారి విని. టీక రాసే అధికారం నాకు అట్లా వచ్చింది. నాకు ఫ్రెంచి రాదు కదా అనేవారికి జవాబు: వ్యాఖ్యాతలకు అది ఎన్నడూ అడ్డు రాలేదు.

ప్రతిపదార్థం.

పొద్దుగాల = బ్రష్షు నోట్లో ఉన్నవేళ. వార్త = ఫ్రాన్సు రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల తేలిక ఫ్రెంచి బులెటిన్. పది నిమిషాలు. మాట కఠినమైతే చదివేవాళ్లే అక్కడికక్కడ విప్పి చెబుతారు. అంటే వార్తలోనే టీక కలిసి ఉంటుందన్నమాట, మా వృత్తికి పోటీ. దూరదర్శన్‌లో 1983 నుంచి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి గొంతు విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. ప్రతి మాటా విడిగా, ఒత్తులతో సహా, బియ్యంలో రాళ్లేరినంత శుభ్రంగా వచ్చేది. ఇందులో చిక్కు ఏమంటే, లోకంలో ఎవరూ అట్లా మాట్లాడరు. వార్త విని భాష వచ్చిందనుకున్నవాడు మర్నాడు చాయ్ హోటల్లో ఓడిపోతాడు.

నవ్వు = కామెడీ. బువ్వకాడ = రాత్రి తొమ్మిదికి, కంచం ముందు. ఈ పాదంలో చాలా సరుకుంది కాబట్టి ఇక్కడ కాసేపు కూర్చుందాం.

మొదట వీడు పెట్టింది లూయీ ద ఫ్యునెస్ సినిమాలు. పొట్టి మనిషి, కోపం వస్తే మొహంలోని ప్రతి నరమూ వేరే వేషం వేస్తుంది. మా చెల్లెలికి ఫ్రెంచిలో ఒక్క అక్షరం రాదు. వీడి కంటే ముందు నవ్వేది. నాలుగు రోజులు చూశాక వీడికి వెలిగింది, తాను కూడా అమ్మలాగే కళ్లతో నవ్వుతున్నాడని. ఐదో రోజు పీట తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి, గోడను చూస్తూ తినడం మొదలుపెట్టాడు.

‘‘టీవీకి ఈపు వెట్టి తినుడేందిరా, దయ్యం వట్టిందా?’’ అంది మా చెల్లెలు.

‘‘ఇనుడు ప్రాక్టీసమ్మా.’’

‘‘మరి టీవెందుకు? కరెంటు బిల్లుకా?’’

ఈ ప్రశ్నకు ఏ వ్యాఖ్యానంలోనూ సమాధానం లేదు.

ఆ తర్వాత చిట్టి ఎపిసోడ్ల సీరియల్ ఒకటి దొరికింది, ‘అఁ గా ఉన్ ఫీయ్’. 1999లో మొదలై 2003 దాకా నడిచింది. ఒక జంట, వాళ్ల కీచులాట, అంతే కథ. పప్పన్నం తినేలోపు ఒక ఎపిసోడ్, చారన్నానికి ఇంకొకటి, పెరుగన్నానికి పొద్దుటి వార్త మళ్లీ. గుడ్డిగా గోడను చూస్తూ విన్నవాడికి మొదటి వారం మిగిలింది నేపథ్యంలో జనం నవ్వు ఒక్కటే. అదీ పనికొచ్చింది. ఎక్కడ నవ్వారో అక్కడ ఒక మాట విరిగిందని తెలుస్తుంది. వెనక్కి తిప్పి ఆ విరుపు వెతకడమే.

అలంకారం. ఇది సభంగ శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయం నడిచింది ఈ విద్య మీదే, ఒక విరుపుకు రాముడు, ఇంకో విరుపుకు పాండవులు. ఫ్రెంచివాళ్లకు దీని కోసం మహాకవి పుట్టనక్కర్లేదు, వాళ్ల ఉచ్చారణే చాలు. ఆకుపచ్చ, గాజుగ్లాసు, వైపు, పురుగు, ఈ నాలుగూ ‘వేర్’ అనే ఒక్క ధ్వనిలో కాపురం ఉంటాయి. 2008లో వచ్చిన ‘బియాఁవెన్యు షే లే ష్తీ’ సినిమా ఫ్రాన్సులో రెండు కోట్ల టిక్కెట్లు తెగింది. కథ మాకు బాగా తెలిసిందే. దక్షిణాది పోస్టుమాస్టరును ఉత్తరాన మారుమూలకు బదిలీ చేస్తారు. అక్కడివాళ్లు ‘స’ను ‘ష’ అంటారు. సామాన్లు అతనివి అని వాళ్లంటే, సామాన్లు కుక్కలవి అని ఈయనకు వినిపిస్తుంది. తెనాలి నుంచి నర్సాపూర్ బడికి బదిలీ మీద వచ్చిన మా లెక్కల మాష్టారికి మొదటి నెల ఇదే జరిగింది. కుక్కలు రాలేదు గానీ, పిల్లవాడు ‘‘సార్, గాడికి వోయిండు’’ అంటే గాడిద కోసం వెతికాడు.

పాట = పాటే. బస్సులోన = కంపెనీ బస్సులో, కిటికీ పక్క, పోనూ రానూ. గుమ్మడిదల నుంచి నర్సాపూర్ రోడ్డెక్కితే బొంతపల్లి వీరభద్రస్వామికి దండం పెట్టేలోపు ఒక పాట అయిపోతుంది. పాట చెవికి మేలు చేస్తుందని అందరూ అంటారు. అది సగం నిజం. చాలా ఫ్రెంచి మాటల చివర ‘అ’ లాంటి ఒక అచ్చు ఉంటుంది, మాట్లాడేటప్పుడు దాన్ని మింగేస్తారు. పాటలో అది లేచి కూర్చుంటుంది. పిల్లల పాట ‘ఫ్రెర్ జాక్’ పేరు మాటల్లో రెండు దెబ్బలు, పాటలో నాలుగు. త్యాగరాజ కీర్తన విని తెలుగు నేర్చిన తమిళ గాయకుడు తిరువయ్యారు నుంచి తిన్నగా పటాన్‌చెరు సంతకు వస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే. అందుకని వీడు పాత పాటలు తగ్గించి స్ట్రోమే అనే బెల్జియం గాయకుడి మీద పడ్డాడు. ఆయన పేరే పజిల్. ‘మయెస్ట్రో’ను ముక్కలు తిరగేస్తే స్ట్రోమే. 2013 నాటి ఆయన పాట ‘పాపావుతె’ పేరు మూడు మాటలను కరిగించి పోసిన ముద్ద. విడదీస్తే ‘నాన్నా, ఎక్కడున్నావు?’ ఆయన తండ్రి 1994లో రువాండా మారణకాండలో పోయాడు. అది తెలిశాక మా వాడు రెండు స్టాపులు ఏమీ మాట్లాడలేదట. మా బావ పోయి ఆరేళ్లు. టీక ఇక్కడ ఆగుతుంది.

వ్యాకరణ విశేషం. నా అసలు ఆనందం ఇది. ఫ్రెంచి మాట చివరి హల్లు సాధారణంగా నోట్లో పలకదు, రాతలో మాత్రం ఉంటుంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే అది హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ‘లే’ వేరు, ‘అమీ’ వేరు. కలిస్తే ‘లేజమీ’, స్నేహితులు. ఈ ‘జ’ ఎక్కడిదిరా అని వీడు జుట్టు పీక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఇది మన ద్రుతమే! ‘వచ్చె రాముడు’లో కనబడని నకారం ‘వచ్చె నతడు’లో కనబడుతుంది కదా. వాళ్లు దాన్ని లియెజాఁ అంటారు. మనకున్నట్టే వాళ్లకూ ‘బహుళం’ ఉంది, కొన్నిచోట్ల సంధి చెయ్యకూడదు. ‘లే ఏరో’ అంటే వీరులు. ద్రుతం కక్కుర్తి పడి ‘లే జేరో’ అంటే వీరులందరూ సున్నాలైపోతారు.

ఇక అరసున్న. దాన్ని ముప్పై ఏళ్లు బోర్డు మీద పెట్టాను, ఒక్కసారీ పలకలేదు. మా గురువుగారూ పలకలేదు. మన దగ్గర రాతలో మిగిలి నోట్లోంచి పోయిన ఆ జీవి ఫ్రెంచివాళ్ల ముక్కులో నిక్షేపంగా ఉంది. మంచి తెల్ల ద్రాక్షసారా ఒకటి అనడానికి నాలుగు మాటలు, ‘అఁ బోఁ వాఁ బ్లాఁ’. నాలుగూ అరసున్నలే. నేను నాలుగైదు సార్లు పైకి అన్నాను. చెల్లెలు వంటింట్లోంచి వచ్చి నాకు పడిశం పట్టిందా అని అడిగింది.

‘పైన’, ‘కింద’ అనే మాటలు ‘దెస్యు’, ‘దెసు’. ఆ తేడా మన చెవికి అందదు. పై అరలోని సీసా తెమ్మంటే కింది అరలోది తెచ్చే కెమిస్టును కెనడాలో ఎన్నాళ్లు ఉంచుకుంటారో ఆలోచించదగింది. ఇక పుస్తకంలో ‘నాకు తెలియదు’కు ‘జ నె సే పా’ అని నాలుగు ముక్కలుంటే, సీరియల్లో రెండే వినబడతాయి, ‘షే పా’. మనం ‘ఏమి చేయుచున్నావు’ అని రాసి ‘ఏంజేస్తున్నవ్’ అనడం లేదూ? రోడ్డు మీది చాయ్ హోటల్లో ఒడిశా నుంచి వచ్చిన ప్లాంట్ ఆపరేటర్ ఒకతను ఆ మాట ముక్క చెక్కు చెదరకుండా వాడతాడు. అందులో ‘ఏం’ ఏదని అడిగితే తెల్లమొహం వేశాడు. అతనికి అది ఒక్క మాట. మా వాడి కంటే ముందున్నాడు.

పూర్వపక్షం. వినకుండా భాష రాదా అంటే, వచ్చినవాడు ఉన్నాడు. పారిస్‌లో హిందుస్తానీ చెప్పిన గార్సాఁ ద తాసీ మన దక్కన్ కవి వలీ కవిత్వాన్ని 1834లో అచ్చు వేయించాడు. 1878లో పోయేదాకా హిందుస్తాన్ గడప తొక్కలేదు. అయితే ఆయన కెనడా పీఆర్‌కు అప్లై చెయ్యలేదు. విన్నంత మాత్రాన వస్తుందా అంటే, దానికి సాక్ష్యం హైదరాబాద్ సిటీ బస్సు బోర్డు మీదే ఉంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మొస్యో రేమోఁ 1798లో చనిపోయాడు. జనం ఆయన్ని కొందరు మూసా రహీం అని, కొందరు మూసారాం అని విన్నారు. మూసారాంబాగ్ ఆయన తోటే. మన తాతలు ఫ్రెంచిని రాత చూడకుండా విని, తమకు తోచిన చోట విరిచి, పేటకు పేరు పెట్టేశారు. వాళ్లకు 458 అక్కర్లేకపోయింది.

ఇట్లాంటి చెవి చిక్కు మాకు మరీ దూరమేమీ కాదు. మా పక్కనే పటాన్‌చెరు ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది, 1972 నుంచి. జొన్న, సజ్జ పని మీద నైజర్, మాలీ దేశాలతో వాళ్లకు రాకపోకలు, అవి రెండూ ఫ్రెంచి నడిచిన నేలలు. ఫ్రెంచిలో సజ్జ ‘మిల్’, వెయ్యీ ‘మిల్’. సజ్జలు వెయ్యి బస్తాలని ఫోన్లో చెప్పడం ఎంత చిక్కో అక్కడివాళ్లను అడగాలి.

పాఠాంతరం. ‘రాతలన్ని బందు’ అన్నచోట వ్యాఖ్యాతకు అభ్యంతరం ఉంది. రాతలు = తెర కింద వచ్చే సబ్‌టైటిళ్లు. ఇంగ్లీషు రాతలు బందు పెట్టాల్సిందే, అవి ఉంటే కన్ను చదువుకుంటుంది, చెవి కునుకు తీస్తుంది. ఫ్రెంచి రాతల సంగతి వేరు. మొదట రాత లేకుండా ఒకసారి, తర్వాత ఫ్రెంచి రాతతో ఒకసారి, మళ్లీ లేకుండా ఒకసారి వినాలి. నడిమి విడతలోనే పదచ్ఛేదం జరిగేది. ఫ్రెంచిలోకి డబ్ చేసిన సినిమాలకు ఇది పనికిరాదు. మాటలు ఒకరు రాస్తారు, కింది రాతలు ఇంకొకరు రాస్తారు, రెంటికీ పొంతన ఉండదు. ‘రాతలన్ని’ తీసి ‘రాత నడుమ’ అని దిద్దితే గణం చెడదని చెప్పాను. కవి ఒప్పుకోలేదు. కవులు ఒప్పుకోరు.

తాత్పర్యం. ఓ శ్రోతా! ఉదయం వార్తను, రాత్రి భోజనవేళ హాస్యమును, వాహనమునందు గానమును చెవినబెట్టి, లిపిని విసర్జించుము.

మొన్న శనివారం రాత్రి కరెంటు పోయింది. టీవీ ఆగింది, కవి గోడ దిక్కు కూర్చునే ఉన్నాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మా చెల్లెలు చీకట్లోంచే అడిగింది.

‘‘రేపు ఆయితారం. ఏం వండాలెరా?’’

‘‘షే పా’’ అన్నాడు, అనుకోకుండా, అచ్చం పారిస్ యాసలో.

‘‘శాపలా? సరే, పొద్దుగాలనే పోవాలె మల్ల, బొచ్చె దొర్కది’’ అంది.

ఆదివారం చింతపండు పులుసు బాగా కుదిరింది.