జూలై ఒకటి మంత్రం

ఏటా జూలై 1 వచ్చిందంటే రోటరీ క్లబ్బుల లోకంలో సత్యం మారిపోయేది. జూన్ 30 రాత్రి దాకా మానవాళిని ఉద్ధరించిన నినాదం తెల్లారేసరికి పాతబడిపోయేది. కొత్త అధ్యక్షుడు, కొత్త థీమ్, దానికో లోగో, లోగోకో టై, టైకి తగ్గ పిన్ను. మన ఊళ్లలోనైతే పదవీ స్వీకారోత్సవానికి ఫ్లెక్సీ అదనం: థీమ్ ఓ మూలన, మిగిలినదంతా ముఖాలే.

మన దేశం నుంచి ప్రపంచ రోటరీ అధ్యక్షుడి కుర్చీ ఎక్కినవారినే చూడండి. 1962-63లో కలకత్తావాసి నితీష్ లహరి లోపలి నిప్పురవ్వ రాజేయమన్నారు. సరే, రాజేశాం. 1991-92లో చండీగఢ్ నుంచి రాజేంద్ర సాబూ వచ్చి, మిమ్మల్ని దాటి చూడండన్నారు. బయటికొచ్చాం. 2011-12లో వాపి నుంచి కల్యాణ్ బెనర్జీ వచ్చి, మళ్లీ లోపలికెళ్లి అక్కణ్నుంచి మానవాళిని హత్తుకోమన్నారు. లోపలికీ బయటికీ తిరగలేక సభ్యుడికి కాళ్లు పీకాయి. పాపం, అతగాడు అడిగిందల్లా ఒకటే: ఈ వారం మీటింగులో భోజనం ఉందా, టిఫినేనా?

1905లో షికాగోలో లాయరు పాల్ హారిస్ దీన్ని మొదలుపెట్టినప్పుడు ఈ తతంగమేదీ లేదు. నలుగురు మనుషులు, ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కలిసేవారు, ఒకరి వ్యాపారానికి ఒకరు ఆసరా అయ్యేవారు. కొన్నేళ్లకు అమ్మకాల పాఠాలు చెప్పే షెల్డన్ అనే ఆయన, బాగా సేవ చేసినవాడికే బాగా లాభమని సూత్రం కట్టాడు. రోటరీ చరిత్రలో ఇంత నిజాయితీ గల నినాదం మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

అసలు రుచి 1977-78లో ఉంది. ఆ ఏటి అధ్యక్షుడు జాక్ డేవిస్ థీమ్: మానవజాతిని ఏకం చేసేందుకు సేవ చేయండి. కాలిఫోర్నియాలోని డువార్టే క్లబ్బు అమాయకంగా దాన్ని నమ్మినట్టుంది, ముగ్గురు ఆడవాళ్లను చేర్చుకుంది. మానవజాతిలో ఆడవాళ్లు లేరని తేల్చుకున్న పెద్దలు 1978లో ఆ క్లబ్బు చార్టర్ ఊడబెరికారు. డువార్టేవాళ్లు తక్కువ తిన్నారా? రోటరీ చక్రం మీద అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టి, ‘మాజీ రోటరీ క్లబ్’ అని పిన్నులు చేయించుకుని దర్జాగా తిరిగారు. డువార్టే కేసులో 1987లో అమెరికా సుప్రీంకోర్టు రోటరీకి మొట్టికాయ వేసింది. 1989లో మగవాళ్లకే సభ్యత్వమన్న నియమం మారింది. తొలి మహిళా అధ్యక్షురాలు జెన్నిఫర్ జోన్స్ 2022లో వచ్చి, రోటరీని ఊహించుకోండన్నారు. డువార్టే ఆడవాళ్లు నలభై అయిదేళ్ల కిందటే ఊహించుకున్నారమ్మా, మీవాళ్లే కేసు వేయించుకున్నారు!

ఇన్ని నినాదాల నడుమ నిజంగా జరిగిన పని పోలియో మీద పోరు. 1985లో మొదలైంది, ఏ థీమ్ గడువుకూ లొంగలేదు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో, విముక్తి పత్రం 2014 మార్చిలో. బూత్‌లో రెండు చుక్కలు వేసి, పిల్లవాడి చిటికెన వేలికి ఇంకు గుర్తు పెట్టేవారు. ఆ గోరు మీద ఆ ఏటి లోగో వేయాలని ఏ అధ్యక్షుడికీ తోచలేదు, మన అదృష్టం.

చివరికి ఏటేటా థీమ్ వద్దని రోటరీ తీర్మానించుకుంది. 2025-26 నుంచి థీమ్ లేదు. దాని స్థానంలో ‘అధ్యక్షుని సందేశం’ వచ్చింది. ఆ ఏటి సందేశం: మంచి కోసం ఏకమవండి. ఏకం కమ్మన్న బ్రెజిల్ పెద్దమనిషి మారియో దె కమార్గో పదవి చేపట్టకముందే తప్పుకున్నారు. ఇటలీ నుంచి ఫ్రాంచెస్కో అరెజ్జో వచ్చారు. సందేశం మాత్రం అలాగే ఉంచేశారు. బ్యానర్లు అప్పటికే ప్రింటింగుకి ఇచ్చేసి ఉంటారు.