తొడుగెత్తు ధీరుఁడు: సటీకా తాత్పర్యము

తే.గీ. దించి పట్టాలనుండి క్రిందికిఁ దల నిడి
కొక్కెముల మరలను విప్పి కుడి యెడమలఁ
బుల్ల లిడి పట్లు సడలించి పొందుగాను
దీగ తెగకుండఁ దొడు గెత్తు ధీరుఁ డొకఁడు.

అవతారిక: బొమ్మ రైలింజను పైతొడుగును విరగ్గొట్టకుండా ఊడదీసే విధానం ఈ పద్యంలో చెప్పబడుతున్నది. స్థలం అమలాపురం. ఇంజను భారతీయ రైల్వేల డబ్ల్యూడీఎం–2 డీజిల్‌కి 87వ వంతు నమూనా. అసలుది 112 టన్నుల పైమాట, ఇది జానెడు. ఇంతటి విషయానికి పూర్వకవుల మూలం దొరకలేదు కాబట్టి పద్యం కూడా వ్యాఖ్యాతే రాసుకోవలసి వచ్చింది. అందువల్ల కవిహృదయం గురించి వివాదాలుండవు; ఉన్నా ఇంట్లోనే తేలిపోతాయి. మెదక్ సీమకి చెందిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుని వ్యాఖ్యానించాడు. మొదటి ప్రతిజ్ఞకి నేనూ కట్టుబడతాను. రెండోదానికి మాటివ్వలేను.

ప్రతిపదార్థం: పట్టాలనుండి = రెండు పట్టాల మీదినుంచి; దించి = (కరెంటు ఆపిన పిమ్మట) తీసి; తలన్ = పైకప్పును; క్రిందికిన్ ఇడి = అడుగుకు వచ్చేలా పెట్టి, అనగా ఇంజనును వెల్లకిలా పడుకోబెట్టి; కొక్కెముల = పెట్టెలు తగిలించే కప్లింగుల యొక్క; మరలను = స్క్రూలను; విప్పి = ఊడదీసి; కుడి యెడమలన్ = రెండు పక్కలా; పుల్లలు ఇడి = పుల్లలు దూర్చి; పట్లు = తొడుగును లోపల పట్టి ఉంచే క్లిప్పులను; సడలించి = ఎడం చేసి; పొందుగాను = ఒద్దికగా; తీగ = దీపాలకు వెళ్లే వైరు; తెగకుండన్ = తెగిపోకుండా; తొడుగు = ప్లాస్టిక్ శరీరాన్ని; ఎత్తు = లేవనెత్తునట్టి; ధీరుఁడు = నిబ్బరం గలవాడు; ఒకఁడు = ఒక్కడే (ఉండవలెను).

తాత్పర్యం: స్పష్టం. అయినా జనం క్లిప్పులు విరగ్గొట్టుకుంటూనే ఉన్నారు గనుక వ్యాఖ్య అవసరమైంది.

“దించి పట్టాలనుండి.” అమలాపురంలో పట్టాలెక్కడివని ఆక్షేపం. న్యాయమైన ఆక్షేపమే. కాకినాడ నుంచి గౌతమి అవతలి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా 1928లో రైలు దారి పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, ఆ పట్టాలు పీకేశారు. పట్టాల మీదినుంచి బండిని దించడం లోకమంతా ఎరిగిన పని. బండి కిందినుంచి పట్టాలనే దించడం మన వాకిట్లో జరిగింది. అవి మళ్లీ 2004లో గాని రాలేదు. కోటిపల్లి నుంచి కోనసీమ మీదుగా నర్సాపురానికి సుమారు 57 కిలోమీటర్ల దారి 2000–01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరుగా ఉండి దాని కోసం పాటుపడ్డ బాలయోగిగారు 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలూ దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు రాలేదు. ఆ 57 కిలోమీటర్లని 87తో భాగిస్తే ఆరువందల యాభై మీటర్ల పైచిలుకు. ఒక మోస్తరు కొబ్బరితోటలో మూడు నదులతో సహా పట్టేస్తుంది. కాబట్టి ఇక్కడ “పట్టాలు” అంటే మేడమీద గదిలో ప్లైవుడ్ బల్లకి మేకులు కొట్టిన పట్టాలని గ్రహించాలి.

ఇందులో ఒక పాఠాంతరం కూడా ఉంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దాని 87వ వంతు 19.3 దాకా రావాలి. బల్లమీది పట్టాల ఎడం మాత్రం 16.5. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి కుదిరిన లెక్క. పై రూపమంతా మనది, చక్రాల మధ్య ఎడం వాళ్లది. పండితులు దీన్ని చూసీ చూడనట్టు పోతారు, నేనూ అంతే.

“క్రిందికిఁ దల నిడి.” దేనిమీద పెట్టాలో కవి చెప్పలేదు. మెత్తటి స్పాంజిని మధ్యలో గాడిగా కోసి అందులో పడుకోబెట్టడం ఉత్తమం, మడతపెట్టిన తువ్వాలు మధ్యమం. కోనసీమ కదా అని కొబ్బరిపీచు పరుపు వాడితే మాత్రం ఒక్క పోగు చాలు, చక్రాల మధ్య పళ్లలో చుట్టుకుని ఇంజనుని ఆపేస్తుంది. పైకప్పు మీది హారను, పక్కల సన్నటి చేతికమ్మీలు నలగకుండా చూసుకోవాలి. పిల్లలు మొదట పట్టుకునేదీ, మొదట విరిగేదీ ఆ కమ్మీలే.

“కొక్కెముల మరలను విప్పి.” పద్యానికి ప్రాణం ఈ పాదం. చాలా డీజిల్ నమూనాల్లో తొడుగుని పట్టి ఉంచే మొదటి బంధం పక్కన ఉండదు, ముందూ వెనకా కప్లింగు పెట్టె దగ్గర ఉంటుంది. ఆ పెట్టె తొడుగులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉండడం వల్ల, క్లిప్పులన్నీ వదిలినా తొడుగు కదలదు. కదలనిదాన్ని చూడగానే మనిషికి బలం పుట్టుకొస్తుంది. అక్కడే అనర్థం. కొన్ని నమూనాలకి కప్లింగు విప్పనక్కర్లేదు, కొన్నిటికి అడుగున ఇంధనం ట్యాంకు పక్కన వేరే మరలుంటాయి, ఆవిరి ఇంజన్లకైతే ముందు చిన్న చక్రాల చాటున దాక్కుంటాయి. పెట్టెలో వచ్చిన కాగితం మీద విడి భాగాల బొమ్మ ఉంటుంది. పద్యం కంటే ముందు దాన్ని చదవడం శాస్త్రసమ్మతం. మర తలకి సరిగ్గా సరిపడే స్క్రూడ్రైవరే వాడాలి. తీసిన మరలు సీసా మూతలో వేసుకోవాలి. ముందుదీ వెనకదీ పొడవు తేడా ఉండవచ్చు కాబట్టి రెండు మూతలు.

“కుడి యెడమలఁ బుల్ల లిడి.” విదేశాల్లో పళ్లు కుట్టుకునే పుల్లలు వాడతారు. మనకి ఈనెలున్నాయి. చీపురు కట్టలోంచి మొదలు లావుగా ఉన్నవి నాలుగు తీసి, తొడుగు అంచుకీ చట్రానికీ మధ్య, ఒక్కో క్లిప్పు పక్కన ఒక్కోటి దూర్చాలి. సాధారణంగా పక్కకి రెండేసి చొప్పున క్లిప్పులుంటాయి. ఈనె వంగుతుందే గాని ప్లాస్టిక్ మీద గీత పెట్టదు. స్క్రూడ్రైవరు మొన పెట్టి తిప్పితే తొడుగు వస్తుంది, దానితోపాటు రంగూ వస్తుంది. నాలుగూ ఒకేసారి ఎడంగా ఉండాలన్నది రహస్యం. ఒక పక్క వదిలించి రెండో పక్కకి వెళ్తే మొదటిది మళ్లీ టక్కున పట్టుకుంటుంది.

“పొందుగాను.” ఇది పాదపూరణానికి పడిన మాట అని విమర్శకులంటారు. నిజమే. అయితే పడినచోట పనికొచ్చింది. ఇక్కడ నిమిషం ఆగి, కాఫీ తాగి, ఏ క్లిప్పు ఇంకా పట్టుకుని ఉందో చూడాలని దాని సూచ్యార్థం.

ఇప్పుడు అసలు పూర్వపక్షం. ఇంజను వెల్లకిలా ఉండగా తొడుగు కింద ఉంటుంది కదా, దాన్ని ఎత్తడం ఎలా? ఈనెలు అలాగే ఉంచి, తొడుగునీ చట్రాన్నీ కలిపి పట్టుకుని నిటారుగా తిప్పి, అప్పుడు ఎత్తాలని సమాధానం. “నిలువుగా” అన్న మాట పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాటని కవి ఛందస్సుకి చాలక వదిలేశాడు. కొబ్బరికాయ వలిచినట్టు ఒక పక్క నొక్కి మెలిపెడితే చాలదా అని అంబాజీపేటవారు అడగవచ్చు. కాయకి డొక్క మీద మమకారం లేదు. ఇక్కడ డొక్కే సొగసు.

“దీగ తెగకుండఁ.” రెండు వేళ్ల ఎత్తు లేపి ఆగాలి. టార్చి వేసి లోపలికి చూడాలి. కొన్నిట్లో ముందు దీపాలు తొడుగుకే అతికించి, వైర్లు చట్రం మీది సర్క్యూట్ బోర్డుకి కలిపి ఉంటాయి. గబుక్కున లాగితే ఆ ఇంజను ఆ తర్వాత చీకట్లోనే నడుస్తుంది. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుని అప్పుడు విడదీయాలి.

“ధీరుఁ డొకఁడు.” ఒకఁడు అనడం చేత రెండోవాడు నిషిద్ధం. తాతగారు చట్రం, మనవడు తొడుగు పట్టుకుని చెరోవైపు లాగడం అనాచారం. రెండోవాడికి టార్చి పట్టుకునే అధికారం ఉంది. “ఆయ్, అలా కాదండి తాతగారూ” అనే అధికారం కూడా ఉంది గాని చెయ్యి పెట్టకూడదు.

లోపల ఏముందంటే: మధ్యలో 12 వోల్టుల మోటారు, దాని ఇరుసుకి రెండు కొసలా ఇత్తడి చక్రాలు, అక్కణ్ణుంచి బోగీల్లోని పళ్లచక్రాలకి కడ్డీలు, పైన సర్క్యూట్ బోర్డు. ఎండిపోయిన గ్రీజు తుడిచి, ఇరుసు ఆనే చోట ఒక్క చుక్క పలచటి నూనె వెయ్యడానికే సాధారణంగా ఈ శ్రమంతా. ఏ నూనె అన్నదగ్గర మామ్మగారి పూర్వపక్షం ఒకటి: “ఇంట్లో ఇంత కొబ్బరినూనె పెట్టుకుని బజారుకెందుకురా?” కొబ్బరినూనె 24 డిగ్రీల దరిదాపుల్లో గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకునేది ఇరుసులోనూ పేరుకుంటుంది, పైగా కొన్నాళ్లకి జిగురవుతుంది. ప్లాస్టిక్‌ని తినని సన్న యంత్రాల నూనే సిద్ధాంతం. ఈ విషయంలో మామ్మగారిని ఒప్పించిన వ్యాఖ్యాత ఇంతవరకు లేడు.

ఛందస్సు తేటగీతి. దిం–ది, కొ–కు, బు–పొ, దీ–ధీ యతులు. అలంకారం స్వభావోక్తి. ఘనాపాఠీలు పుట్టిన సీమలో వేదాంతార్థం చెప్పకపోతే మాట వస్తుంది కాబట్టి, తొడుగు అన్నమయ కోశమనీ, 12 వోల్టులు ప్రాణమయమనీ అనవచ్చు. ఆపైన ఉన్న కోశాలకి ఈ ఇంజనులో చోటు లేదు.

గ్రంథపాతం: తొడుగు మళ్లీ తొడిగే పద్యం లభించలేదు. కవి ఎత్తి, ఎత్తినచోటే వదిలేశాడు. వచనంలో చెప్పాలంటే, ముందు తొడుగు లేకుండానే పట్టాలెక్కించి రెండు దిక్కులా నడిపి చూడాలి. పొట్టి ముక్కు ఎటో, చట్రం ముందుభాగం ఎటో సరిచూసుకోవాలి. వైరు క్లిప్పు కింద నలగకుండా తొడుగుని నిలువుగా దించి, నాలుగు టక్కుమన్న శబ్దాలు విని, అప్పుడు కొక్కేలు బిగించాలి. అంతా అయ్యాక మూతలో ఒక మర మిగిలితే దాన్ని ప్రక్షిప్తమని పక్కన పెట్టడం వ్యాఖ్యాతలకి చెల్లుతుంది గాని ఇంజనుకి చెల్లదు. వెనక కప్లింగు పెట్టెది అయి ఉంటుంది, చూడండి.