దుష్ప్రభావాలు లేని గుళిక

మూర్ఛ వ్యాధిని మూడు నెలల్లో వేళ్లతో సహా పెకలించే మూలికా గుళికల గురించి టీవీ తెరల మీద ఇప్పుడు సాగుతున్న ప్రచారం వింటే, నరాల వైద్యులు శతాబ్దానికి పైగా ఎందుకు అంత శ్రమపడ్డారో అర్థం కాదు. అయితే ఇటువంటి గుళికలను ప్రయోగశాలల్లో పరీక్షించినప్పుడు, హిమాలయాల వేరుకు బదులు ఫీనోబార్బిటోన్ బయటపడిన సందర్భాలు మన దేశంలో ఒకటి రెండు కావు. ఇది బార్బిట్యురేట్ల కుటుంబానికి చెందినది. అంటే నాడీకణాల ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనానికి బలం చేకూర్చి, మూర్ఛను అదుపు చేసే మత్తుమందు. జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ 1912లోనే దీని గుణాన్ని గుర్తించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్న ఈ చవకైన మాత్రకు మన యోగులు గోత్రం మార్చి, ధర పెంచి, ప్రకృతి ఖాతాలో జమకట్టారు.

'దుష్ప్రభావాలు శూన్యం' అన్న హామీ మరీ ముచ్చటైనది. రసాయనం ఆకుపచ్చ పొట్లంలోకి దిగగానే రసాయనత్వాన్ని కోల్పోతుందన్న ఈ సిద్ధాంతం ప్రకారం, పిల్లవాడు మగతగా కూర్చుంటే నరాలకు శాంతి కలిగినట్లు, మాట తడబడితే లోపలి దోషం బయటికి పోతున్నట్లు, నడక తూలితే ఇంటివారు పథ్యం తప్పినట్లు. మందు పేరే చెప్పనప్పుడు దుష్ప్రభావం ఆ మందుదని నిరూపించే దారి ఉండదు గనుక, అంత మేరకు ప్రకటన అక్షర సత్యమని ఒప్పుకోవాలి. గర్భనిరోధక మాత్రల శక్తిని ఈ మందు తగ్గిస్తుందని, దీర్ఘకాలం వాడితే ఎముకలు బలహీనపడవచ్చని ఆ పొట్లం మీద రాయరు. మూలికకు అటువంటి గుణాలు అంటగట్టడం అపచారం కదా!

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెట్టే వైద్యం దీని ముందు నిర్దోషి; ఇనుములో దొంగమందు ఉండదు.

వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందును పేరు దాచి అమ్మడం వైద్యం కాదు, పచ్చి నేరం. మూర్ఛ నయం చేస్తామన్న ప్రకటనలనే 1954 నాటి చట్టం నిషేధించినా అవి నిరాఘాటంగా వెలువడుతుంటే, ఆపవలసినవారు కళ్లు మూసుకొని కూర్చోవడం సిగ్గుచేటు. పెద్దల శరీరంలో ఈ మందు సగానికి తగ్గడానికే రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. దానికి అలవాటుపడిన మెదడుకు, గుళికలు అమ్మే శిబిరం ఎత్తేసినందువల్లో, డబ్బు చాలకనో సరఫరా హఠాత్తుగా ఆగితే, మూర్ఛలు విరామం లేకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో ఏ మందులు వాడుతున్నారని అడిగితే, ఇంగ్లీషు మందులు ఎప్పుడో మానేశామని కుటుంబం నిజాయితీగానే జవాబిస్తుంది. ఒంట్లో ఇంకా మిగిలిన బార్బిట్యురేట్ సంగతి తెలియని వైద్యుడు దాని మీద మూర్ఛను ఆపే లోరాజెపామ్ సూది వేస్తే, రెండు మత్తులూ కలిసి ఊపిరిని మరింత అణచివేస్తాయి.