పాత అంకె ఉందా?

నేను ఆటో ఎనలైజర్‌ని. కోస్తా జిల్లాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను. షుగరు, బిలిరుబిన్, కొలెస్ట్రాల్ అన్నీ చూస్తాను గానీ, నా మనసంతా క్రియాటినిన్ మీదే. ఎందుకో చెప్తాను.

వార్డు నుంచి ఎర్రమూత ట్యూబులో రక్తం వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుక్కి దిగి, పైన లేతపసుపు సీరం తేలుతుంది. నా సూది అందులోంచి కొన్ని మైక్రోలీటర్లు తీసి క్యువెట్‌లో వేస్తుంది. దానికి క్షారం, పిక్రిక్ ఆమ్లం కలుపుతాను. క్రియాటినిన్ ఎంత ఉంటే నారింజ రంగు అంత చిక్కబడుతుంది. ఆ రంగులోంచి కాంతిని పంపి అంకె తేలుస్తాను. మాక్స్ యాఫె అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో గుర్తించిన చర్య ఇది. తర్వాత ఒట్టో ఫోలిన్ దాన్ని కొలతకు పనికొచ్చేలా మలిచాడు. అప్పటినుంచి వైద్యంలో ఎన్నో మారాయి, ఈ నారింజ రంగు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

క్రియాటినిన్ మన కండరాల్లో రోజూ పుట్టే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. అవి చేతులెత్తేస్తే రక్తంలో పేరుకుంటుంది. చిక్కల్లా ఆ పేరుకోవడానికి పట్టే సమయంతోనే. ఈ పొద్దున కిడ్నీకి దెబ్బ తగిలితే నా అంకె రేపో ఎల్లుండో పెరుగుతుంది. సెలైన్ బాగా ఎక్కించి ఉంటే రక్తం పలచబడి ఇంకా ఆలస్యమవుతుంది. కామెర్లు ముదిరినవాళ్ళ సీరంలోనైతే బిలిరుబిన్ నా రంగుకు అడ్డొచ్చి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. వానాకాలంలో వరిచేల బురదలో పనిచేసి లెప్టోస్పైరోసిస్ తెచ్చుకున్నవాళ్ళకు కామెర్లూ కిడ్నీ దెబ్బా కలిసే రావచ్చు. అలాంటి ట్యూబు వచ్చినప్పుడు ఒక్క నా మాటే పట్టుకోకుండా మూత్రం ఎంత వస్తోందో కూడా చూస్తే బాగుండునని తపిస్తాను.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం రిపోర్టు కాగితంలో ఉంది. క్రియాటినిన్ పక్కన 0.6 నుంచి 1.2 అని మామూలు హద్దు అచ్చయి ఉంటుంది. అది దాటితేనే ఎక్కువని చెప్పే హెచ్ గుర్తు పడుతుంది. గుర్తు లేని కాగితాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

ఒకరోజు వాంతులు, విరేచనాలతో చేరిన ఒక సన్నపాటి ఆవిడ ట్యూబు వచ్చింది. 1.1 చూపించాను. గుర్తు పడలేదు. రిపోర్టు తీసుకెళ్ళడానికి ఆరోజు వార్డుబాయ్ బదులు హౌస్ సర్జన్ అమ్మాయే వచ్చింది. కాగితం చూసి అక్కడే ఆగిపోయింది.

"అన్నా, ఈవిడ మొన్న ఏదో ఆపరేషన్ కోసం మన దగ్గరే టెస్టులు చేయించుకున్నారట. పాత క్రియాటినిన్ ఉందా?"

"ఓపీ నంబరు చెప్పండి మేడం, చూద్దాం," అన్నాడు మా టెక్నీషియన్.

కంప్యూటర్‌లో లేదు. ఓపిగ్గా రిజిస్టర్ తిరగేస్తే దొరికింది: 0.6.

హద్దులోపలే ఉన్న 1.1, ఆవిడ విషయంలో దాదాపు రెట్టింపు. పల్చని మనిషి, కండ తక్కువ, అందుకే ఆవిడ అసలు అంకే చిన్నది. కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినడాన్ని డాక్టర్లు ఏకేఐ అంటారు. 2012లో వచ్చిన కేడిగో మార్గదర్శకాల ప్రకారం 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా, 6 గంటలపాటు మూత్రం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కూడా రాకపోయినా అది ఏకేఐ. 60 కిలోల మనిషికి ఆ 6 గంటల్లో 180 మిల్లీలీటర్లన్నా రావాలన్నమాట. ఇందులో హద్దు దాటాలన్న మాట ఎక్కడా లేదు. ఒళ్ళునొప్పులకని ఆవిడకు ఇస్తున్న, కిడ్నీకి హానిచేయగల డైక్లోఫెనాక్ సూదిమందు ఆ సాయంత్రమే ఆపేశారు. పోయిన నీరు ఎక్కించారు, గంటగంటకూ మూత్రం కొలిచారు. తర్వాతి రోజుల్లో ఆవిడ ట్యూబులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. అంకె 0.7కు దిగింది. ఆ అమ్మాయి పాత అంకె అడక్కపోయి ఉంటే సూదిమందు ఇంకెన్నాళ్ళు సాగేదో!

అంత చిన్న పెరుగుదలకు ఇంత హడావుడి ఎందుకనేవాళ్ళు ఉంటారు. 2005లో అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రి రోగుల వివరాలు పరిశీలించిన అధ్యయనంలో, క్రియాటినిన్ 0.5 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగినవాళ్ళకు మరణావకాశం ఆరున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. చిన్న అంకె వెనక పెద్ద ఆపద ఉంటుందని ప్రపంచం అప్పుడే గట్టిగా గ్రహించింది.

నాకంటే ముందే పసిగట్టేవాటి కోసం వేట కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. అదే 2005లో సిన్సినాటి పరిశోధకులు గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్లో ఎన్‌గాల్ అనే ప్రొటీన్‌ను కొలిచిన ఫలితాలు ప్రకటించారు. నేను చెప్పడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టే సంగతిని అది 2 గంటల్లో చెప్పింది. మూత్రంలో మరో రెండు ప్రొటీన్లను చూసే పరీక్షకు 2014లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఆ పరీక్షతో ముప్పున్నవాళ్ళను ఏరి, వాళ్ళలో సగంమందికి ప్రత్యేక శ్రద్ధ పెట్టారు. మిగతావాళ్ళలో ఏకేఐ దాదాపు 72 శాతం ఉంటే, వీళ్ళలో 55 శాతమే. వాటి ముందుచూపంటే నాకు నిజంగా గౌరవం. కానీ ఆ ప్రత్యేక శ్రద్ధలో కొత్త మందేమీ లేదు. బీపీ, ఒంట్లో నీరు సరిచూడటం, కొన్ని బీపీ మాత్రలు రెండు రోజులు ఆపడం, షుగరు పెరగనీయకపోవడం, కిడ్నీకి హానిచేసే మందులు మానడం, అంతే. ఆ ఖరీదైన కిట్లు మా ల్యాబ్‌లో లేవు. ఈ జాగ్రత్తలు మాత్రం మా వార్డులోనూ తీసుకోవచ్చు.

మందుల వేట పెద్దగా ఫలించలేదు. తక్కువ మోతాదు డోపమీన్ కిడ్నీని కాపాడుతుందని ఏళ్ళతరబడి నమ్మారు. 2000లో ఆ నమ్మకం కూలింది. యాంజియోగ్రామ్ ముందు ఇచ్చే బైకార్బొనేట్, ఎసిటైల్‌సిస్టీన్ కూడా 2018లో అలాగే తేలిపోయాయి.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించే పని మళ్ళీ సిన్సినాటి పిల్లల ఆసుపత్రిదే. కిడ్నీకి హానిచేసే మందులు మూడుగానీ, అంతకన్నా ఎక్కువగానీ వాడుతున్న పిల్లలను ఫార్మసిస్టులు రోజూ గుర్తించేవారు. వాళ్ళకు రోజూ క్రియాటినిన్ చేయించి, ఏ మందు తీసేయవచ్చో డాక్టర్లతో కలిసి ఆలోచించేవారు. అలాంటి మందుల వాడకం 38 శాతం, ఏకేఐ 64 శాతం తగ్గాయి. కొత్త ప్రొటీనేమీ కాదు, నాలాంటి యంత్రాలు కొలిచే పాత క్రియాటినిన్‌తోనే సాధించారు.

అంకె పెరిగిందని తెరమీద హెచ్చరిక మోగిస్తే సరిపోతుందా? అమెరికాలో 6 ఆసుపత్రుల్లో కంప్యూటర్ హెచ్చరికలు పెట్టి చూసిన అధ్యయనం 2021లో వెలువడింది. మొత్తమ్మీద మేలు జరగలేదు. వాటిలో బోధనాసుపత్రులు కాని రెండుచోట్ల హెచ్చరికలు వెళ్ళినవాళ్ళలోనే మరణాలు ఎక్కువ కనిపించాయి. కాబట్టి హెచ్చరిక అందాక ఏం చేయాలో తెలిసిన మనుషులు పక్కన ఉండాలి. మా రిజిస్టర్ తిరగేయించిన అమ్మాయిలాంటివాళ్ళు.

పొలాల నుంచి రక్తపింజరి కాటుతో వచ్చేవాళ్ళ ట్యూబులంటే నాకు మరీ ఆరాటం. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనీయకుండా చేయడంతో ఆగదు, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. మొదటిరోజు 0.9 చూపిస్తాను, ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మర్నాడు 1.8, ఆపైన 3.5. అందుకే మొదటి అంకె బాగుందని రెండో ట్యూబు పంపడం మానేయకూడదు. విషానికి విరుగుడు ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆ తర్వాత కూడా రోజూ క్రియాటినిన్, గంటగంటకూ మూత్రం చూస్తూ ఉంటే డయాలసిస్ ఎవరికి కావాలో సకాలంలో తెలుస్తుంది.

ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళ గురించీ నాకు బెంగే. ఏకేఐ వచ్చి తగ్గినవాళ్ళను మూడు నెలలకు మళ్ళీ చూడాలని కేడిగో చెబుతుంది, కొందరిలో అది దీర్ఘకాలిక జబ్బుగా మిగిలిపోతుంది గనక. ఇప్పుడు మా వార్డులో కొందరు డాక్టర్లు డిశ్చార్జి కాగితం మీద చివరి క్రియాటినిన్ అంకె, దాని పక్కన తిరిగి రావాల్సిన తేదీ రాస్తున్నారు. నొప్పిమాత్రలు సొంతంగా కొనుక్కోవద్దని కూడా తెలుగులో రాసిస్తున్నారు. ఆ కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళకు ఓపీ కౌంటర్లో పాత నంబరే వేయమని మా టెక్నీషియన్ అడుగుతున్నాడు. నంబరు మారితే పాత అంకె దొరకదు.