పంచాంగమునకు ఆఱవ అంగము

తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను అయిదు అంగములతోడనే కాలమును కొలిచి, పండుగలను నిర్ణయించి, పెండ్లిండ్లకు ముహూర్తములు పెట్టి, తుదకు బల్లిపాటునకుగూడ ఫలము చెప్పి తృప్తి నొందిన మన పూర్వులు ఎంతటి అల్పసంతోషులో, ఈ కాలపు ప్రభుత్వ కార్యాలయపు గోడను ఒకసారి కన్నులార చూచినవారికి గాని బోధపడదు. ఆ గోడపై ఆఱవ అంగము వ్రేలాడుచుండును. దాని పేరు దినోత్సవము. తిథులకు వృద్ధియు క్షయమును రెండును కలవు. ఒక పక్షమున ఒక తిథి ఎగిరిపోవుటయు, వేఱొక పక్షమున ఒక తిథి రెండు సూర్యోదయములు చూచుటయు సిద్ధాంతులకు అలవాటైన సంగతియే. దినోత్సవములకు మాత్రము వృద్ధియే గాని క్షయము లేదు. ఐక్యరాజ్యసమితి ఒకటి ప్రకటించును. కేంద్రప్రభుత్వము రెండు చేర్చును. రాష్ట్రప్రభుత్వము, తానేమి తక్కువ తిన్నదా యని, మూడవదానిని తగిలించును. ప్రభుత్వము మాఱినపుడు దినము పేరు మాఱునే గాని దినము పోవుట అరుదు.

హైదరాబాదులో నేనెఱిగిన కార్యాలయమొకటి కలదు. (దాని పేరు చెప్పను, చెప్పినచో దానికిని ఒక దినోత్సవము చేయుదురు.) అందు ఆషాఢమున బోనమెత్తు ఇంటి ఆడపడుచులును, రంజాను నెలలో మధ్యాహ్నము టిఫిను డబ్బా తేని పెద్దమనుష్యులును, క్రిస్మసునకు మెదకు చర్చికి బయలుదేఱు గుమాస్తాయు, సిఖ్ ఛావనీ నుండి స్కూటరుపై వచ్చు సర్దార్జీయు, ఇంట మరాఠీయు వీథిలో ఉర్దూయు కార్యాలయమున తెలుగును మాటాడు టైపిస్టును, ఏండ్లతరబడి ఒకే పంకాక్రింద కూర్చుండి, ఒకే కరవుభత్యపు బకాయికై నిట్టూర్చుచు, సంక్రాంతికి అరిసెలును, రంజానుకు షీర్ ఖుర్మాయు, క్రిస్మసునకు కేకును పంచుకొని తినుచు, తాము 'విభిన్న సంస్కృతుల సమాహారము' అను సంగతి ఎఱుగకయే సుఖముగ నుండిరి. ఆ సంగతిని వారికి ఎఱుకపఱచుటకు పైనుండి ఒక సర్క్యులరు దిగెను. వైవిధ్యమును ఇకమీదట గుర్తింపవలెననియు, గుర్తించినట్లు ఫొటోలు పంపవలెననియు దాని సారాంశము.

ఈ భారము సూపరింటెండెంటుగారి మీద పడెను. వారు కార్యశూరులు. మఱునాటికే పొడుగాటి రిజిస్టరొకటి తెఱచి, ఎఱ్ఱ సిరాతో గీతలు గీయించి, దినము, ప్రకటించినవారు, ఫ్లెక్సీ కొలత, ప్రతిజ్ఞ కలదా లేదా, సమోసాల సంఖ్య అను గడులు కట్టించిరి. ఆ దినము ఎవరిని గూర్చినదో వారేమనుకొనుచున్నారో వ్రాయుటకు గడి యేదని నేనడిగితిని. "పేజీలో చోటు లేదండీ. ఏ దినానికైనా కావలసినవి మూడే: ప్రతిజ్ఞ, ఫొటో, సమోసా. తక్కినదంతా రిపోర్టులో రాసుకుంటాం" అని వారు సెలవిచ్చిరి.

ఫ్లెక్సీ విషయము కొంత విపులముగ చెప్పదగినది. కార్యాలయమునకు ఎదుటి సందులోని ఫ్లెక్సీకొట్టు కుఱ్ఱవాని కంప్యూటరులో ఒక మూస సిద్ధముగ నుండును: పైన గులాబీపూల తోరణము, క్రింద అధికారుల గుండ్రని ముఖచిత్రములు హోదా ననుసరించి పెద్దవియు చిన్నవియు, నడుమ 'దినోత్సవ శుభాకాంక్షలు' అను పెద్ద యక్షరములు, వాని ముందు ఖాళీ. ఆ ఖాళీలో దినము పేరు ఇఱికించి, నాలుగు మూలల రింగులు కొట్టి, అరగంటలో చుట్ట చుట్టి చేతిలో పెట్టును. 1882లో మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయవ్యాధి క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించిన దినమును పురస్కరించుకొని లోకమంతయు ఆ వ్యాధినిగూర్చి జాగరూకత వహించు వేళ, మా కార్యాలయ ద్వారమున 'ప్రపంచ క్షయవ్యాధి దినోత్సవ శుభాకాంక్షలు' అని గులాబీల నడుమ వెలసెను. దానిలో దోషమేదియు సూపరింటెండెంటుగారి కంటికి తగులలేదు, తమ ముఖచిత్రము డిప్యూటీగారి దానికంటె రవంత చిన్నదయ్యెనను ఒక్కటి తప్ప. వేడుక ముగిసినపిమ్మట ఆ ఫ్లెక్సీ ఏమగునని పాఠకులు సందేహింపవచ్చును. అది వీథి చివర మిరపకాయబజ్జీల బండికి కప్పుగా పోవును. 'వైవిధ్యమే మన బలము' అను అక్షరములు తలక్రిందులుగ వ్రేలాడ, దాని నీడలో నానాజాతులవారు వరుస తప్పక నిలిచి బజ్జీలు తినుచుందురు. ఇన్ని దినోత్సవములలో లోకమునకు నిక్కముగ ఉపయోగపడిన ఘట్టము ఇదియొక్కటే యని నా యభిప్రాయము.

ఒక్కొక్క తేదీకి ఒక్క దినమే యున్నచో సూపరింటెండెంటుగారు నెట్టుకొని రాగలరు. చిక్కెక్కడనగా, దినములు ఎక్కువయి తేదీలు తక్కువయినవి. మే 21వ తేదీనే చూడుడు. 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్యకు గుఱియైన దినము కావున ప్రభుత్వ కార్యాలయములలో నాడు ఉగ్రవాద వ్యతిరేక ప్రతిజ్ఞ చేయుదురు; ఆ తేదీనే ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక వైవిధ్య దినముగ పాటించుచున్నది; అది చాలదన్నట్లు 2019లో ఆ సమితియే దానిని అంతర్జాతీయ తేనీటి దినముగను నిశ్చయించినది. ఒక సంతాపము, ఒక సంబరము, ఒక పానీయము! సూపరింటెండెంటుగారు ఫైలు తలక్రింద పెట్టుకొని ఒక రాత్రి ఆలోచించి, పదకొండు గంటలకు ప్రతిజ్ఞ, పదకొండుంబావుకు వైవిధ్యము, పదకొండున్నరకు తేనీరు అని ఉత్తరువు వెడలించిరి.

వైవిధ్యమునకు దొరకిన ఆ పావుగంటలో ఎవరి సంప్రదాయవేషమున వారు రావలెనని ఆజ్ఞ. నిత్యము ప్యాంటు చొక్కాతో వచ్చు వయోధికుడైన అకౌంటెంటుగారిని, నాలుగు తరములుగా ఈ నగరముననే పుట్టి పెరిగినవారిని, షేర్వాణీ తొడిగికొని 'మీ దుస్తులలో' రమ్మనిరి. వారు అట్టిది తమ పెండ్లినాడొక్కసారియే, అదియు అద్దెకు తెచ్చి, తొడిగికొంటిమని విన్నవించుకొనినను వినలేదు. సర్దార్జీని "మీరు రోజూ వచ్చినట్టే రండి, మీకు ఖర్చు లేదు" అని కటాక్షించిరి. మెదకు గుమాస్తాగారి సంప్రదాయవేషమేదో యెవరికిని తోచలేదు. ఆయన తండ్రియు తాతయు పంచె కట్టినవారే. అయినను పంచె అప్పటికే వేఱొకరి వంతునకు పోయినందున, ఆయనకు క్రిస్మసు తాతయొక్క ఎఱ్ఱని ఉన్నిటోపీ నిచ్చిరి. మే నెల హైదరాబాదు ఎండలో, విద్యుత్తు పోయి పంకా నిలిచిన హాలులో, ఉన్నిటోపీ ధరించి, చెమట చెవులవెంట కాఱుచుండ, ఆ సాధుపురుషుడు ఫొటోకు నవ్విన నవ్వును నేను మఱువజాలను. పిమ్మట ఇరానీ హోటలు కుఱ్ఱవాడు అల్యూమినియపు కెటిలుతో వచ్చెను. నేడు నీ దినమేరా అని ఎవరో పరిహాసమాడగా వాడు, "చాయ్ దినం మంచిగనే ఉంది సార్. పోయిన నెల చాయ్ పైసలిస్తే ఇంకా మంచిగుంటది" అనెను. రిజిస్టరులో దీనికిని గడి లేదు.

నవంబరు వచ్చినచో ఒక దినము గాదు, వారమే. నవంబరు 19 మొదలు 25 వఱకు కౌమీ ఏకతా వారము. ఇందలి పంపకము ఆస్తిపంపకమువలె నిష్కర్షగ నుండును: 19 జాతీయ సమైక్యతకు, 20 అల్పసంఖ్యాకులకు, 21 భాషా సామరస్యమునకు, 22 బలహీనవర్గములకు, 23 సాంస్కృతిక ఐక్యతకు, 24 స్త్రీలకు, 25 పర్యావరణ సంరక్షణకు. మా కార్యాలయమున ఊడ్చు ఆమె అల్పసంఖ్యాకురాలు, పేదరాలు, స్త్రీ. కావున ఆమెను 20న ఒకసారి, 22న ఒకసారి, 24న మఱియొకసారి వేదికపై అదే కుర్చీలో కూర్చుండబెట్టి, అదే శాలువ కప్పి, ఫొటో తీసినపిమ్మట శాలువ తిరిగి తీసికొని, కుర్చీలు సర్దుమని ఆమెకే చెప్పిరి. ఇట్లు ఒకే మనిషియందు మూడు దినములు కూడివచ్చుట బడ్జెటునకు ఎంతయో కలిసివచ్చెనని సూపరింటెండెంటుగారు సంతసించిరి.

ఆ నవంబరు 19వ తేదీయే ప్రపంచ మరుగుదొడ్డి దినము గూడనని పాఠకులలో ఎందఱెఱుగుదురో! ఐక్యరాజ్యసమితి 2013లో దీనిని అధికారికముగ గుర్తించినది. మా కార్యాలయమున స్త్రీలకొక మరుగుదొడ్డి కలదు. దానికొక తాళము కలదు. ఆ తాళముచెవి, పాత ఫ్లెక్సీలుంచు బీరువాలో, సూపరింటెండెంటుగారి సొంత రక్షణలో కలదు. నాడు పారిశుద్ధ్యపు ప్రతిజ్ఞ చేయించి, ఫ్లెక్సీని సరిగ్గా ఆ తలుపునకే అడ్డముగ, తాళముగూడ మునిగిపోవునట్లు, మేకులతో బిగించిరి. వారముదినములు దానిని కదల్పరాదని ఉత్తరువు.

భాషాదినముల ముచ్చట వేఱు. ఆగస్టు 29 తెలుగుభాషా దినము, గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించిన తేదీ. మూడు వారములు తిరుగకముందే సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషాదినము. 14న హిందీ దినము. వ్యవహారభాషకై జీవితమును ధారవోసిన గిడుగువారి దినమున పలువురు వక్తలు పలుకు తెలుగు, గ్రాంథికము విడువని నావంటి మొండివానికి సయితము కొఱుకుడు పడదు. సవర జనులమధ్య కూర్చుండి వారి మాట నేర్చి, వారి భాషకు వ్యాకరణము కూర్చినవారు ఆ గిడుగువారే యను సంగతిని నేను విన్న ఉపన్యాసములలో ఒక్కరును ఎత్తలేదు. ఆగస్టు 9 ఆదివాసీ దినమున మాత్రము అడవిబిడ్డలను మఱువరు. అధికారి కొమ్ముకోయ తలపాగా నెత్తిన పెట్టుకొని, మెడలో డోలు వ్రేలాడవైచుకొని, మూడడుగులు వైచి, కెమెరా ఆగగానే తానును ఆగును.

సెప్టెంబరు 17 వచ్చినచో సూపరింటెండెంటుగారికి నిద్ర పట్టదు. 1948లో నిజాము సంస్థానము భారతసైన్యమునకు తలవంచిన ఆ తేదీకి కేంద్రమువారి పేరు విమోచన దినము. 2022లో నాటి రాష్ట్రప్రభుత్వము పెట్టిన పేరు జాతీయ సమైక్యతా దినము. 2024లో నేటి ప్రభుత్వము పెట్టినది ప్రజాపాలన దినము. 2022లో సికింద్రాబాదు పరేడ్ మైదానమున ఒక జెండాయు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సున ఒక జెండాయు ఒకే ఉదయమున ఎగిరినవి. ఏ పేరు వ్రాసినను ఎవరికో కోపము. ఫ్లెక్సీకొట్టు కుఱ్ఱవాడే ఉపాయము చెప్పెను: 'సెప్టెంబరు 17 శుభాకాంక్షలు' అని మాత్రము వ్రాసి ఊరకుండుట. అంతటి రాజనీతిజ్ఞుడు సచివాలయమున గూడ దొరకుట దుర్లభము. ఆంధ్రప్రదేశమువారు మాత్రము నవ్వనక్కఱలేదు. 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2, ఈ మూటిలో తమ పుట్టినరోజేదో వారింకను తేల్చుకొనలేదు.

ఇంతకును మా కార్యాలయమున సర్వమత సమభావము నిజముగ వర్ధిల్లు చోటొకటి కలదు. అది ఐచ్ఛిక సెలవుల పట్టిక. సాధారణ సెలవులు గాక, పట్టికలోని పండుగలలో తమకు నచ్చిన అయిదింటిని రాష్ట్రోద్యోగులు ఎన్నుకొనవచ్చును. సూపరింటెండెంటుగారు నియమముగ సంధ్యవార్చువారు; అయినను ఆదివారమునకు ముందో వెనుకనో పడెనేని హజ్రత్ అలీ జయంతికిని, షబే మేరాజునకును, పార్శీ సంవత్సరాదికిని భక్తితో సెలవుచీటి వ్రాయుదురు. అకౌంటెంటుగారు సోమవారమున వచ్చిన బుద్ధపూర్ణిమను ఎన్నడును విడువలేదు. శుక్రవారపు వరలక్ష్మీవ్రతమును సర్దార్జీ మూడేండ్లుగ పాటించుచున్నారు. దీనికి ప్రతిజ్ఞ లేదు, ఫ్లెక్సీ లేదు, బలవంతము అసలే లేదు.

మఱియొక ఉదాహరణము చెప్పి విరమింతును. హిజరీ సంవత్సరమునకు అధికమాసము లేదు. కావున అది ఏటేట ఇంచుమించు పదునొకండు దినములు ముందునకు జరుగుచు, సుమారు ముప్పదిమూడేండ్లకు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. తెలుగు పంచాంగమును అధికమాసము పట్టి నిలుపును. మిలాద్ ఉన్ నబీ రబీ ఉల్ అవ్వల్ పండ్రెండవనాడు. గణేశ నిమజ్జనము భాద్రపద శుద్ధ చతుర్దశినాడు. ఆ రెండు మాసములును కలిసివచ్చిన ఏండ్లలో రెండు ఊరేగింపులును ఇంచుమించు ఒకే సమయమున పడక తప్పదు. 2023 సెప్టెంబరు 28న సరిగ్గా అట్లే రెండును ఒక్కనాడే పడినవి. హుస్సేన్ సాగరమునకు పోవు విగ్రహములును పాతనగరపు జులూసును ఒకే వీథుల కెదురగు ప్రమాదమును గుర్తించి, మిలాద్ జులూసు పెద్దలు తమలో తాము మాటలాడుకొని, ఊరేగింపును అక్టోబరు 1, ఆదివారమునకు వాయిదా వేసికొనిరి. 2024లోను జులూసును వాయిదా వేసికొనిరి; సెప్టెంబరు 17న నిమజ్జనము కానిచ్చి, 19న తమ జులూసు తీసిరి. ఇందుకై ఏ సర్క్యులరును దిగలేదు, ఎవరును ఉన్నిటోపీ పెట్టుకొనలేదు.

ఈ సంగతి ఏలాగో సూపరింటెండెంటుగారి చెవిని పడెను. వారు పరమానందభరితులై, అక్టోబరు 1వ తేదీని సామరస్య దినోత్సవముగ ప్రకటింపవలెననియు, రెండు మతముల పెద్దలకును ప్రతిజ్ఞ చేయింపవలెననియు, ఇన్నూఱు సమోసాలకు మంజూరు కావలెననియు ప్రతిపాదన నొకటి సిద్ధపఱచి, పై కార్యాలయమునకు పంపనున్నారు. పాఠకులలో సచివాలయమున పలుకుబడి గలవారెవరైన నున్నచో, ఆ ఫైలును ఎక్కడనో ఒకచోట త్రొక్కిపట్టి పుణ్యము కట్టుకొనవలసినదిగ ప్రార్థన.