‘అంతే, సింపుల్’: టీకాతాత్పర్య సహితము

మూలము

“లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యి, హోమ్ మౌంట్ చెయ్యి, ఫైల్సన్నీ కాపీ కొట్టుకో. అంతే, సింపుల్.”

అవతారిక

ఒక గృహస్థుని లినక్స్ డెస్క్‌టాప్ అప్‌డేట్ పిమ్మట చెడెను. పాస్‌వర్డ్ కొట్టినంతనే తెర నల్లబడి, మరల పాస్‌వర్డే అడుగుచున్నది. లోపల పెండ్లి ఫొటోలు, పిల్లల మార్కుల మెమోలు, పొలము పాసుపుస్తకపు స్కాన్లు, సగము వ్రాసిన నవల కలవు. ఆర్తుడై లినక్స్ తెలిసిన మహానుభావుని ఆశ్రయింపగా, ఆయన ఫోనునుండి తల యెత్తకయే పై సూత్రమును అనుగ్రహించెను. కర్త పేరు తెలియరాదు. ప్రతి ఆఫీసునందును ఒకరుందురు.

సూత్రము అసత్యము కాదు. చెడినది సాధారణముగా డెస్క్‌టాపో, గ్రాఫిక్స్ డ్రైవరో. ఫైళ్లు డిస్కుమీద కుశలముగనే యుండును. వివాదమంతయు సూత్రమున లేని మాటలను గూర్చియే.

మెదకు సీమలోని కొలిచాలమువాడగు మల్లినాథసూరి, అక్కఱలేనిది పలుకనని నియమము పెట్టుకొని వ్యాఖ్యలు వ్రాసెను. ఆయనకు దొరికినది కాళిదాసు. మాకు దొరికినది ఈ వాక్యము. కావున ఆ నియమము మాకు వర్తింపదు.

ప్రతిపదార్థము

లైవ్ పెన్‌డ్రైవ్‌తో – చెడిన డిస్కుతో పనిలేక, తనలోనుండియే లేచు లినక్స్ గల పెన్‌డ్రైవ్ చేత. దానిని తయారుచేయుటకు చెడని కంప్యూటరు ఇంకొకటి వలయును. ఇంట రెండు కంప్యూటర్లు గలవానికే ఈ సూత్రమునందు అధికారమని తేలుచున్నది.

బూట్ చెయ్యి – సులభము. ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్, డిలీట్‌లలో ఏ మీట నొక్కవలెననుటలో కంపెనీకొక మతము కలదు. సులభమంటిమి గనుక చర్చింపము.

హోమ్ మౌంట్ చెయ్యి – మన ఫైళ్లుండు హోమ్ ఫోల్డరుగల డిస్కు భాగమును (పార్టిషన్‌ను) చూచుటకు తగిలించుమని యర్థము. ‘ఏ పార్టిషన్?’ అని ఆకాంక్ష. తెరమీద ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని పేర్లు వరుసకట్టును. హోమ్ దేనిలో నున్నదో పరిమాణమును బట్టి ఊహింపవలెను. ‘రీడ్ ఓన్లీగా’, అనగా చదువుటకే గాని వ్రాయుటకు కాకుండ, అని అధ్యాహారము. ప్రాణము దక్కించు మాట యదియే, మూలమున లేనిదియు నదియే. మౌంట్ అయినను తలుపు తెఱచుకొనునని నమ్మరాదు. ఉబుంటు 21.04 మొదలుకొని కొత్తగా ఏర్పడు హోమ్ ఫోల్డర్లకు 750 అను అనుమతి. యజమానికిని, అతని గుంపునకును తప్ప అన్యులకు ప్రవేశము లేదు. పెన్‌డ్రైవ్ నుండి లేచిన లినక్స్ మిమ్ము అన్యునిగా నెంచెనా, మీ యింటి ముందఱ మీకే ‘పర్మిషన్ డినైడ్’. అపుడు సర్వాధికారమిచ్చు సుడో ఆజ్ఞయే శరణ్యము. పూర్వము ఉబుంటులో హోమ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసికొన్నవారికి లోపల ఒక రీడ్‌మీయు, ‘యాక్సెస్ యువర్ ప్రైవేట్ డేటా’ అను చిహ్నమును మాత్రమే కనబడును. అది చూచి అంతయు పోయెనని ఏడువరాదు. పాత పాస్‌వర్డు జ్ఞాపకమున్న చాలును.

ఫైల్సన్నీ – కనబడునవియు, కనబడనివియు. పేరు చుక్కతో మొదలైనచో ఆ ఫైలు లినక్స్‌నందు కంటికి ఆనదు. మన అరసున్న తన యుచ్చారణమును మాత్రమే పోగొట్టుకొనెను; ఈ చుక్క తాను చేరిన పేరునంతయు మాయము చేయును. పూర్వము యూనిక్స్‌లో జాబితా చూపు ‘ఎల్ఎస్’ను వ్రాసినవారు, ప్రస్తుత ఫోల్డరుకు గుర్తగు ఒంటిచుక్కను, పై ఫోల్డరుకు గుర్తగు జంటచుక్కలను దాటవేయగోరి, మొదటి యక్షరము చుక్కయా కాదా అని మాత్రమే పరీక్షించిరట; చుక్కతో మొదలగు పేర్లన్నియు దాగుట అట్లు పొరపాటున పుట్టినదేనని రాబ్ పైక్ చెప్పెను. ఆర్షప్రయోగమునకు ఇంతకంటె చక్కని లక్ష్యము లేదు. మహర్షి తొందరపాటు, శిష్యులకు శాసనము.

థండర్‌బర్డ్‌లోని ఉత్తరాలు ఆ చుక్క వెనకే ఉంటాయి. బ్రౌజర్ బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు కూడా సాధారణంగా అలాంటి చోట్లే ఉంటాయి. కనబడిన ఫోల్డర్లు మాత్రం లాక్కొచ్చినవాడికి ఏళ్ల తరబడి ఉత్తరాలు పోతాయి. ‘కంట్రోల్ హెచ్ నొక్కు’ – మూడు మాటలు. ఆ మూడూ చెప్పడానికి తీరిక లేదు గానీ, ‘సింపుల్’ అనడానికి మాత్రం తీరిక ఉంది!

కాపీ కొట్టుకో – ఇచట కొంత విస్తరింపక తప్పదు. ప్రతి వ్రాయుట మన దేశమున ఒక వృత్తి. తాటియాకునకు ఆయువు మితము. పురుగు, తేమ, పొగ దానికి శత్రువులు. తిరిగి వ్రాయించినదే మిగులును. పోతన భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరి. రెండవ ప్రతి యున్నచో వారికి ఆ శ్రమ తప్పెడిది. మన గృహస్థుని సగము నవలను పూరించుటకు ఏ సింగనయు దొరకడు.

లేఖకులు వినయవంతులు. గంటము దింపునపుడు కడపటి యాకుపై ఒక విన్నపము చేర్చుట వారి యాచారము: చూచినది చూచినట్లే వ్రాసితిని, తప్పులున్న నన్ను నిందింపకుడు, నడుము విఱిగినది, మెడ వంగినది, ఈ పుస్తకమును నూనెనుండియు, నీటినుండియు, వదులు కట్టునుండియు కాపాడుడు, మూర్ఖుని చేతికి మాత్రము ఈయకుడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అచట బంగళాలో సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను పోషించి, ఒక్కొక్క గ్రంథమునకు దొరికిన ప్రతులెల్ల తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించి, ఆపైని శుద్ధప్రతి వ్రాయించెను. పోల్చి చూచువఱకు ప్రతి ప్రతి కాదు. ఆ పండితులు ఒక్క పద్యపాదమునకై వాదులాడిరన్నను ఆశ్చర్యము లేదు. ఆ బంగళాలో ఒక మూల చాప దొరికినచో ఈ వ్యాఖ్యాతకు జన్మ తరించెడిది.

ప్రకృతమును అనుసరింతము. కాపీకి విఘ్నములు మూడు. ఫైళ్లను చేర్చుకొను పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయినచో నాలుగు జీబీల ఫైలు దానిపై పట్టదు. పెండ్లి వీడియో వెలుపలనే నిలుచును. పేరులో కోలన్ ఉన్న ఫైలును అది పంక్తిలో కూర్చుండనీయదు. మూడవది, కాపీ ఆజ్ఞయగు ఆర్‌సింక్‌ను గూర్చినది: కాపీ తీయు ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత యున్నచో లోపలి సరకు మాత్రము, లేనిచో ఫోల్డరుతో సహా తరలును. ఒక్క గీతచే ఇంత యర్థభేదము పాణిని చూచినచో సంతోషించెడివాడు. ఎల్లుండి ఆఫీసులో మెమో చూపించాల్సినవాడికి ఆ సంతోషం కలగదు.

అంతే – కాదు. తెరమీద గీత చివరికంటా నిండినను వ్రాత ఇంకను మెమరీయందే యుండవచ్చును. ఎజెక్ట్ నొక్కి, ఇక తీయవచ్చునను సందేశము వచ్చువఱకు పెన్‌డ్రైవ్‌ను లాగరాదు.

సింపుల్ – ఎవరికి? షష్ఠీవిభక్తి లోపించినది.

అసలు చెడిందేమిటో ఈ మహానుభావుడు అడిగాడా? డిస్కే టిక్కుటిక్కుమంటూ ఉంటే ఒక్కొక్క ఫైలునీ లాగడం ప్రమాదం. ముందు డీడీరెస్క్యూతో డిస్కు మొత్తానికీ నకలు తీసి, ఆ నకలులోంచి ఏరుకోవాలి. ‘శబ్దమేమైనా వస్తోందా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే సరిపోయేది. అడిగితే తనకు తెలియనిదేదో బయటపడుతుందేమోనని భయం కాబోలు. సూత్రం చెప్పేసి లేచిపోతే గురువుగారి మర్యాద గురువుగారికి దక్కుతుంది; పోయేవి అడిగినవాడి ఫొటోలు.

తాత్పర్యము

డిస్కు శబ్దమును వినుము. మౌనముగా నున్నచో రీడ్ ఓన్లీగా మౌంట్ చేయుము. చుక్కలతో సహా అన్నియు వేఱొక డిస్కునకు ఎక్కించుము. రెంటిని పోల్చుము. ఒక ఫొటో, ఒక ఉత్తరము, నవలలో నొక ప్రకరణము తెఱచి చూడుము. అవి తెఱచుకొన్నగాని పాత డిస్కు జోలికి పోరాదు. ‘రీఇన్‌స్టాల్ కొట్టెయ్’ అనునది ఇదే కర్త రెండవ సూత్రము. పై పనులన్నియు ముగించినవానికే అది వినుటకు అర్హత.