నిఘా నాన్నది, పాస్‌వర్డ్ కొడుకుది

తమిళనాడులోని రాజపాళయం అనగానే దేశంలో చాలామందికి గుర్తొచ్చేది కాపలా కుక్క. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. ఈ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువంటారు. అయినా యజమానిని ఆనవాలు పట్టలేక గేటు బయట నిలబెట్టిందన్న మాట మాత్రం వినపడదు. ఆ ఘనత కొత్తగా ఫోన్లలోకి వచ్చిన కాపలాదారుకే దక్కింది.

రాజపాళయం నుంచి తెన్‌కాశి రోడ్డు పట్టుకుంటే సేత్తూరు వస్తుంది. ఈ చుట్టుపక్కల తెలుగిళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం, ఫోన్ వేసే అక్షింతలు ఇంగ్లీషు. ప్లస్ టూ చదివే కొడుకు రాత్రి ఎంతసేపు ఫోన్ చూస్తున్నాడో కనిపెట్టే యాప్ ఒకటుందని మిల్లులో ఎవరో చెబితే తండ్రి వేయించుకున్నాడనుకోండి. ఎవరి చేత? ఇంట్లో అది చేతనైనవాడు ఒక్కడే.

"ఏరా, ఇది లోపలికి పోనివ్వడం లేదే?"

"ఏ ఈమెయిలు నాయనా?"

"నాకేం తెలుసు? పెట్టింది నువ్వేగా!"

పాస్‌వర్డ్ మరిచిపోయాం అని నొక్కితే లింకు ఆ ఈమెయిలుకే పోతుంది. పోనీ ఓటీపీ అడుగుదామంటే అది రీచార్జి చేయక ఎప్పుడో ఆగిపోయిన పాత సిమ్‌కు పోతుంది. మూసేసిన నంబరును 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే సేత్తూరు కుర్రాడు ఎన్ని గంటలు గేమ్ ఆడాడో తెలుసుకునే భాగ్యం ఈపాటికి ముక్కూమొహం తెలియని ఏ పెద్దమనిషికో దక్కి ఉంటుంది.

ఓటీపీ బదులు ఫోన్‌లోని యాప్ చూపించే ఆథెంటికేటర్ కోడ్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. అది 30 సెకన్లకోసారి మారుతుంది. నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. మిల్లు షిఫ్టుకు ఆలస్యం కాకూడదని తండ్రి తన ఫోన్‌లో టైము పది నిమిషాలు ముందుకు జరిపి పెట్టుకుంటాడు. కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది. నిఘా యాప్ రాత్రి పదికి ఫోన్‌కు వేసే తాళం పడకుండా కొడుకు తన ఫోన్‌లో టైము వెనక్కి జరుపుతాడు. ఒకే ఇంట్లో రెండు కాలమానాలు! మరమ్మతు చిన్నదే: టైము సెట్టింగును ఆటోమేటిక్‌లో పెట్టాలి. కానీ ఆ సెట్టింగు ఎక్కడుందో ఎవరిని అడగాలి?

చివరికి లోపలికి వెళ్ళినా దర్శనం గ్యారంటీ లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేద్దామని వెనకాల నడిచే యాప్‌లను తామే ఆపేస్తాయి. నిఘా యాప్ కూడా నిద్రపోతుంది. మొన్నటి లెక్క చూసి, పిల్లాడు బుద్ధిమంతుడైపోయాడని తల్లి పాయసం వండుతుంది.

ఇన్ని తాళాలూ పిల్లల భద్రత కోసమేనట. ఆ భద్రత ఎంత గట్టిదో 2018 మేలో తేలింది. టీన్‌సేఫ్ అనే అమెరికా నిఘా కంపెనీ తన సర్వర్లు రెండింటిని పాస్‌వర్డ్ లేకుండా వదిలేసింది. తల్లిదండ్రుల ఈమెయిళ్ళు, పిల్లల ఆపిల్ ఐడీలు, వాటి పాస్‌వర్డ్‌లు చదువుకోవడానికి వీలుగా మామూలు అక్షరాల్లో ఉన్నాయి. పైగా ఆ యాప్ పనిచేయాలంటే పిల్లల ఖాతాకు పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడిగే రెండో తాళం తీసేయాలన్నది ముందస్తు షరతు. కన్నవాళ్ళకు లాగిన్ కాకపోయినా దారిన పోయేవాడికి అయ్యే సౌకర్యం ఇది. అదే ఏడాది ఫ్యామిలీ ఆర్బిట్ అనే ఇంకో కంపెనీ దగ్గర 281 జీబీ ఫొటోలు, వీడియోలు బయటివాళ్ళకు అందేలా ఉన్నాయని బయటపడింది. ఎమ్‌స్పై అనే మరో నిఘా యాప్ సమాచారం అప్పటికే, 2015లో, ఒకసారి బజారున పడింది.

ఢిల్లీ కూడా ఊరుకోలేదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళంతా పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతిని రుజువుతో సంపాదించాలి. 2025 నవంబరులో నియమాలూ వచ్చాయి. అనుమతి ఇచ్చేది పెద్దవాళ్ళేనని తేల్చుకోవడానికి డిజిలాకర్ లాంటి మార్గం చూపించాయి. సేత్తూరు తండ్రికి డిజిలాకర్ ఉంది. బండి కాగితాల కోసం కొడుకే తెరిచిచ్చాడు. ఆరంకెల పిన్ కూడా వాడికి కంఠతా.

"నాయనా, ఏదో ఒప్పుకోమంటోంది, నొక్కేయనా?"

"నొక్కెయ్‌రా, నన్నడుగుతావేం!"